కుడి దవడ చప్పుడు

మార్చి 4

ఇవాళ్టి నుంచి రాసి పెట్టుకోవాలి. నా కళ్ళ మీద నాకు నమ్మకం పోతోంది, అందుకని. ఇంకెవరూ చదవడానికి కాదు. అయినా డెంటల్ కాలేజీలో చదువుకునే రోజుల్లో మేడమ్ చెప్పినట్టే రాస్తాను: కేసు తెలియని మనిషి చదివినా అర్థమయ్యేలా, చూసింది చూసినట్టు.

ఇవాళ మా పిచిక నోట్లోంచి తీసిన ప్లేటు చేతిలోకి తీసుకుని చూశాను. అంగిలికి అంటుకుని కూర్చునే గులాబీ రంగు ప్లేటు. మధ్యలో నిలువునా చీలిక, చీలికలో చిన్న స్క్రూ. సన్నటి స్టీలు తాళంచెవిని స్క్రూ కన్నంలో పెట్టి, బాణం గుర్తు చూపించే వైపు వారానికి ఒక్కసారి తిప్పాలి. తిప్పినప్పుడల్లా చీలిక వెంట్రుకవాసి వెడల్పవుతుంది. ప్లేటుతో పాటు పై దవడ కూడా. వైద్యమంతా అదే.

ప్రతి ఆదివారం తిప్పుతున్నానని అక్క చెప్పింది. కిందటిసారి నేను చూసినప్పుడు చీలికలో నా గోటి అంచు పట్టింది. ఇవాళ పట్టలేదు. కాగితం కూడా దూరలేదు. ల్యాబ్ నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలా మూసుకుపోయి ఉంది.

గోటి అంచు పట్టిందనే నాకు గుర్తు. కానీ అప్పుడు రాసుకోలేదు.

మార్చి 5

ఇవాళ కూడా మూసుకునే ఉంది. రాశాను. ఇక ఇది మారదు.

మార్చి 8, ఆదివారం

కేసు మొదటి నుంచి రాస్తాను.

పిచిక మా అక్క కూతురు. ఏడేళ్ళు దాటాయి. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని బావ పెట్టిన పేరు. బడిలో తప్ప ఇంకెక్కడా ఎవరూ దాన్ని అసలు పేరుతో పిలవరు. బావ కరెంటు లైన్‌మన్‌గా చేసేవాడు. గాలివాన తగ్గిన మర్నాడు స్తంభం ఎక్కాడు. పైన ఉండగానే ఎవరో లైనుకి కరెంటు ఇచ్చేశారు. బావ పోయి ఇది రెండో ఏడు.

మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేను. నాన్నది తాపీ పని. ఎనిమిదో తరగతిలో నన్ను మాన్పించి ఇటుకలు అందించే పనిలో పెట్టబోతే, పెళ్ళయి ఏడాది కూడా తిరగని బావ వచ్చి నాన్న ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆ పిల్ల చదువు మానేస్తే తను ఈ ఇంట్లో భోజనం మానేస్తానన్నాడు. బావకి తిండి అంటే ఎంత ఇష్టమో నాన్నకి తెలుసు. నవ్వేశాడు. నేను తలుపు వెనకాల నిలబడి వింటున్నాను. అలా పళ్ళ డాక్టరునయ్యాను.

బావ నోరు మూస్తే కింది దవడ కుడి పక్కకి జరిగేది. నవ్వు కూడా కుడి పక్కకే వచ్చేది. ఏదైనా నమిలితే కుడి చెవి ముందు టక్కుమనేది. పక్క గదిలోకి వినిపించేది. గడియారం భోజనానికి కూర్చుందని అక్క వెక్కిరించేది.

పిచికకి ఐదేళ్ళప్పుడు నేను పళ్ళు చూశాను. అప్పట్లో ఇంటికి ఎవరొచ్చినా నోరు తెరిపించేదాన్ని. శుభ్రంగా ఉన్నాయి. పై పళ్ళు మూత అంచులా బయటికి, కింది పళ్ళు లోపలికి. ఇప్పుడు కుడి పక్క తిరగబడింది. కింది పళ్ళు బయటికి వచ్చాయి. క్రాస్‌బైట్ అంటాం. నోరు బాగా తెరిస్తే గడ్డం నడిమధ్యనే ఉంటుంది. మూసేటప్పుడు పై దవడ ఇరుకు వల్ల పళ్ళకి పళ్ళు తగిలి, కింది దవడ కుడికి జారి కూర్చుంటుంది. ఈ వయసులో అంగిలి మధ్య అతుకు మెత్తగా ఉంటుంది, తేలిగ్గా వెడల్పు చేయొచ్చు. వదిలేస్తే ఎముక ఆ వంకరలోనే పెరిగి ముదిరిపోతుంది. ఆ తర్వాత ఎముక కోయడమే.

క్లినిక్ నడిపే పెద్ద డాక్టరు గారు చూసి, తండ్రి పోయాక పిల్ల బొటనవేలు చీకడం మొదలుపెట్టిందా అని అడిగారు. మొదలుపెట్టింది. దానివల్లే పై దవడ ఇరుకైందన్నారు. మరి బావకీ కుడి పక్కే, దీనికీ కుడి పక్కే ఎలా వచ్చిందండీ అంటే, ఉన్నవే రెండు పక్కలు కదమ్మా, మూడోది ఎక్కణ్ణుంచి తెస్తుంది అన్నారు.

నిజమే. ఉన్నవే రెండు పక్కలు.

పిచికకి దవడ చప్పుడు లేదు. ఉంటే రాసి ఉండేదాన్ని.

మార్చి 9

పెట్టె అడుగున దొరికింది. చూసి మళ్ళీ అక్కడే పెట్టేశాను.

మార్చి 11

మొన్న రాసింది నాకే చిరాగ్గా ఉంది. ఏదో దొంగతనం చేసినట్టు రాశాను. అది బావ పళ్ళ అచ్చు. కాలేజీలో అచ్చు తీయడం నేర్చుకునేటప్పుడు నోరు అరువిచ్చేవాళ్ళు కావాల్సొచ్చింది. బావ వచ్చి కూర్చున్నాడు. పేస్టు గొంతు దాకా పోయి కళ్ళంట నీళ్ళు కారాయి. తుడుచుకుని, ఇక నేను పోయినా మీ అక్కని కరవడానికి ఒక జత ఉంటుందిలే అన్నాడు. దాని మీద ప్లాస్టరు పోసి గట్టిపరిచి, మార్కులు వేయించుకుని, ఇంటికి తెచ్చుకున్నాను. అక్కకి తెలియదు.

ఇవాళ దాన్ని పిచిక అచ్చు పక్కన పెట్టాను. పోల్చడం కోసం. కింది జత పై జతకి ఆనించి మూస్తే రెండూ కుడికే జరిగి కూర్చుంటాయి. పెద్దది, చిన్నది. అన్నం గిన్నె, దాని పిల్ల గిన్నె లాగా. బావది కాసేపు తెరుస్తూ మూస్తూ చూశాను. రాయికి రాయి తగిలిన చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు కాదు.

రేపు పారేస్తాను.

మార్చి 12

పారేయలేదు. పని ఎక్కువైంది.

మార్చి 15, ఆదివారం

అక్క వాళ్ళు టైలరు షాపు మీద రెండు గదుల్లో ఉంటారు. మిగతా రోజుల్లో కింది నుంచి కుట్టు మిషన్ల రొద నేల గుండా అరికాళ్ళకి తెలుస్తూ ఉంటుంది. ఆదివారం షాపు మూసేస్తారు. ఆ వాటాలో ఇంత నిశ్శబ్దం ఉంటుందని ఇవాళే తెలిసింది.

భోజనానికి నలుగురం. నేను, అక్క, పిచిక, అక్క అత్తగారు. ఆవిణ్ణి నేనూ అత్తమ్మ అనే పిలుస్తాను. రెండు కళ్ళకీ పొర కమ్మింది. మనుషుల్ని అడుగుల చప్పుడుతోనే గుర్తుపడుతుంది.

తినేటప్పుడు కూడా ప్లేటు తీయకూడదని చెప్పి ఉన్నాను. అత్తమ్మ కూర్చోగానే పిచిక ఎవరూ చెప్పకుండానే ప్లేటు తీసి గ్లాసులో పడేసింది. వెళ్ళి ఆవిడకి ఎడమ పక్కన కూర్చుంది. అది బావ కూర్చునే చోటు. తన భోజనం తాను గబగబా తినేసింది. చిన్నపిల్లలు తిన్నట్టే తింది, చప్పుడేమీ లేదు. లేవబోతుందనుకున్నాను. లేవలేదు. అత్తమ్మ చీర కొంగు ముడి విప్పి, వేయించిన పల్లీలు గుప్పెడు దాని చేతిలో పోసింది.

"తిను రా," అంది అత్తమ్మ.

ఆవిడ ఈ పిల్లని ఏనాడూ ఏమే అని తప్ప పిలవగా నేను వినలేదు.

పిచిక ఒక పల్లీ కుడి పక్కకి నెట్టుకుని నమిలింది. టక్.

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. వంటింట్లో అక్క గిన్నెలు కడుగుతోంది. కుళాయి కట్టేసింది. ఇటు తిరగలేదు. తడి చేతులు గట్టు మీద ఆనించి, వీపు మా వైపు పెట్టి నిలబడింది.

పిచిక గోడకేసి చూస్తూ నములుతోంది. ఆకలి లేదు, ఇష్టం లేదు. హోమ్‌వర్క్ రాసే మొహం. టక్. కాస్త ఆగి మళ్ళీ టక్. అత్తమ్మ తల కొద్దిగా వంచి, పెదవులు కదుపుతూ వింటోంది. బావ తింటుంటే ఎలా వినేదో అలాగే. నడుమ ఒకసారి, ఇవాళ ఆకలి మీదున్నాడు అని గొణిగింది.

చివర పిచిక, చాలా నానమ్మా అని అడిగింది. ఇంకొక్కటి అంది ఆవిడ.

ఆ తర్వాత అక్క నా ఎదురుగానే తాళంచెవి పెట్టి బాణం వైపు తిప్పింది. నేను చూపించినట్టే. తప్పేం చేయలేదు. చీలిక తెరుచుకుంది, గోటి అంచు పట్టింది. ఈసారి రాస్తున్నాను: పట్టింది.

మెట్లు దిగేటప్పుడు, ఆ చప్పుడు ఎప్పటి నుంచి వస్తోందక్కా అని అడిగాను.

"ఏ చప్పుడే?" అంది అక్క.

మార్చి 16

వినిపించలేదంటే వినిపించలేదేమో. కుళాయి ఎందుకు కట్టేసిందో అడగాల్సింది.

మార్చి 19

బడి నుంచి నేరుగా పిచిక క్లినిక్‌కి వచ్చింది. ప్లేటు చూశాను. మూసుకుపోయింది. ఆదివారం గోరు పట్టింది, ఇవాళ గురువారం, పట్టలేదు. అంటే నా కళ్ళు బాగానే ఉన్నాయి. ఎవరో వెనక్కి తిప్పుతున్నారు. కళ్ళు కనిపించకపోయినా అత్తమ్మ వేళ్ళు సూదిలో దారం ఎక్కించేస్తాయి. ఎవరో నాకు అర్థమైంది.

ఆ చప్పుడు కూడా పరీక్ష చేయాలి. స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుని, రెండో కొస పిచిక కుడి చెవి ముందు ఆనించి, నోరు తెరిచి మూయమన్నాను. వచ్చింది. గొట్టంలో అది ఎంత దగ్గరగా వినిపిస్తుందంటే, పక్కన కూర్చుని ఎవరో భోజనం చేస్తున్నట్టే ఉంది. ఖాయం చేసుకోవడానికి మళ్ళీ ఒకసారి అన్నాను. చేసింది. మళ్ళీ ఒకసారి. కుర్చీ వెనక్కి వాల్చి ఇంకోసారి. పరీక్ష పూర్తిగా చేయాలి కదా.

పిచిక కళ్ళు తెరిచి నన్ను చూసింది.

"నానమ్మకి గట్టిగా కావాలి. అమ్మకి మెల్లిగా, పడుకోబోయే ముందు. నీకెలా కావాలి, పిన్నీ?"

స్టెతస్కోపు తీసేశాను. ఇంటికి పంపించాను. బిస్కెట్ ఇద్దామనుకున్నాను, ఇవ్వలేదు. నమలడం చూడాల్సి వస్తుందని.

మార్చి 22, ఆదివారం

తాళంచెవి తెచ్చేసుకున్నాను.

వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి, అద్దం పట్టుకుని, పిచిక నోరు తెరిస్తే గడ్డం ఎక్కడుందో, మూస్తే ఎక్కడికి పోతుందో చూపించాను. అత్తమ్మకి కనిపించదు కాబట్టి ఆవిడ వేలు పట్టుకుని పిల్ల గడ్డం మీద పెట్టి చూపించాను. ఆవిడ వేలు అక్కడే ఉంచేసింది. మూసినప్పుడు కుడికి జారుతుంటే, ఆ జారడంతో పాటు ఆవిడ మొహం మెత్తబడింది. నేను చేసింది తెలివితక్కువ పని.

"ఒకసారి పోయాడు. నీ స్క్రూ పెట్టి మళ్ళీ పంపిస్తావా?" అంది అత్తమ్మ.

వెనక్కి తిప్పుతున్నది మీరేనా అని అడిగాను. అవునంది, దాచలేదు. ఆదివారం కోడలు తిప్పుతుంది, సోమవారం నేను తిప్పుతాను, ఇంట్లో ఎవరి పని వాళ్ళది అంది. నవ్వు రావాల్సిన మాట. ఎవరికీ రాలేదు.

అక్కతో చెప్పాను, పిల్ల మొహం వంకరగా పెరిగిపోతుందని. అక్క కొంగు మడతలు పెట్టుకుంది.

"వంకరేమిటే? ఆయన మొహం వంకరని నువ్వు ఎప్పుడైనా అనుకున్నావా?"

 అనుకోలేదు. కానీ కేసులో పూర్తి జవాబు ఉండాలి, ఇక్కడ రాస్తాను. ముప్పై దాటాక బావకి దవడ పట్టేసేది. కొన్ని రోజులు రెండు వేళ్ళ సందుకి మించి నోరు తెరుచుకునేది కాదు. వేడి నీళ్ళ గుడ్డ అదిమి పట్టుకుని, మెతుకు మెతుకుగా తినేవాడు. అక్క అడిగితే ఆకలి లేదనేవాడు. నాకు మాత్రం చెప్పాడు, డాక్టరమ్మవి కదా, ఏదైనా చెయ్యి అని. నీకు వయసు దాటిపోయింది బావా, చిన్నప్పుడైతే ఒక స్క్రూతో పోయేది అన్నాను.

ఆ మాట నేనే అన్నాను.

ఇక నుంచి ఆదివారాలు పిచిక నా దగ్గరికి వస్తుంది. క్లినిక్ పైన నా గదిలో నేనే తిప్పుతాను. తాళంచెవి నా తాళాల గుత్తికి కట్టేశాను. ఇక గొడవ లేదు.

మార్చి 29, ఆదివారం

తిప్పాను. గోరు పట్టింది.

బావ అచ్చు బీరువా మీద ఉంది, లోపల పెట్టడం మర్చిపోయాను. పిచిక స్టూలు మీద కూర్చుని దాన్ని చూసింది. ఎవరిదో పేషెంటుదన్నాను. అది లేచి వెళ్ళి, ముందు పళ్ళ మీద వేలు పెట్టి, కుడి చివర దాకా తడిమింది.

"నాన్న నవ్వట్లేదు," అంది.

పళ్ళు చూసి మనిషిని గుర్తుపట్టడం చదువు చెప్పినా మాకే రాదు.

మామూలు పరీక్ష చేసి పంపించాను.

ఏప్రిల్ 2

మూసుకుంది. తాళంచెవి నా గుత్తికే ఉంది.

ప్లేటు సరిగా పెట్టుకోకుండా బయట వదిలేస్తే స్క్రూ తనంతట తానే వెనక్కి తిరగొచ్చు. పుస్తకంలో ఉంది. అదే అయి ఉంటుంది.

ఏప్రిల్ 5, ఆదివారం

తిప్పాను. పిచికని ప్లేటు తీయొద్దని గట్టిగా చెప్పాను. తీయట్లేదు పిన్నీ అంది. బడిలో కూడా తీయట్లేదట, మాట్లాడితే తుంపర్లు పడుతున్నాయని అందరూ వెక్కిరిస్తున్నా తీయట్లేదట. నానమ్మ దగ్గర పల్లీలు తినేటప్పుడు మాత్రం తీస్తుంది. అంతసేపటికి స్క్రూ తిరిగిపోదు.

ఇవాళ పరీక్ష కాస్త ఎక్కువసేపు పట్టింది. పల్లీలు నేనే కొని ఉంచాను. ఖాళీ నోటితో చేస్తే చప్పుడు సరిగా తెలియదు.

ఏప్రిల్ 9

పెద్ద డాక్టరు గారు పిచికని తనే కుర్చీలో కూర్చోబెట్టుకున్నారు. కొలత పెట్టి చూశారు. మొదటి రోజుకీ ఇవాళ్టికీ పై దవడ ఒక్క పిసరు కూడా వెడల్పు కాలేదు. పైగా ఇప్పుడు నోరు బాగా తెరిచినా గడ్డం పూర్తిగా మధ్యకి రావడం లేదు. కొద్దిగా కుడికే ఉండిపోతోంది. నేను ప్రతి ఆదివారం చూస్తున్నాను. నాకు మధ్యకే వచ్చినట్టు కనిపించింది.

"తాళంచెవి ఎవరి దగ్గరుంది?" అన్నారు.

నా దగ్గరే అన్నాను. ఆయన ప్లేటు వైపు కాకుండా నా వైపు చూశారు. చేతులు కడుక్కుని, టవలుతో తుడుచుకుంటూ, చాలా మామూలుగా చెప్పారు. తీసి పెట్టుకునే ప్లేటు ఈ ఇంటికి పనికిరాదు. పళ్ళకి సిమెంటుతో అతికించేసే రకం వేయాలి. అది మన దగ్గర చేయం. మీ మేడమ్ ఇప్పుడు పిల్లల ఆసుపత్రిలోనే ఉన్నారు కదా, ఆవిడకి రాయి, ఇవాళే రాయి. ఇంకా ఆలస్యం చేస్తే ఆ పిల్లని నువ్వూ నేనూ కాదు, ఎముకలు కోసేవాళ్ళు చూడాల్సి వస్తుంది.

ఇవాళే రాస్తానన్నాను.

రాయలేదు. తలనొప్పి.

ఏప్రిల్ 12, ఆదివారం

చూసింది చూసినట్టు రాయాలి.

పిచిక పొద్దున పదింటికి వచ్చింది. కిటికీలోంచి ఎండ మంచం సగం దాకా ఉంది. ప్లేటు తీసి ఇచ్చింది. బాణం వైపు తిప్పాను, గోరు పట్టింది, దానికి కూడా చూపించాను. తర్వాత పల్లీలు ఇచ్చి పరీక్ష చేశాను. ఎంతసేపో తెలియదు. ఎండ మంచం మీద నుంచి నేల మీదికి దిగింది.

చాలు అన్నాను. ప్లేటు కడిగి ఇస్తానని కుళాయి దగ్గరికి వెళ్ళాను. నీళ్ళు వదిలాను. దానికి నా వీపే కనిపిస్తుంది.

"పిన్నీ, నువ్వు కూడా అటే తిప్పుతావా?"

చేతుల వైపు చూసుకున్నాను. ఎడమ చేతిలో ప్లేటు. కుడి చేతిలో తాళాల గుత్తి. సన్న తాళంచెవి కన్నంలో ఉంది. బాణం గోడ వైపు చూపిస్తోంది. నా వేలు దాన్ని నా వైపుకి లాగుతోంది. చీలిక మూసుకుంది. గుత్తి ఎప్పుడు తీశానో తెలియదు. నా వేళ్ళకి తెలిసినట్టుంది. ఎక్కడా తడబడలేదు.

కడుగుతున్నానమ్మా అన్నాను.

అమ్మ కూడా కడుగుతున్నాననే చెప్తుంది అంది పిచిక. కోపంగా ఏం కాదు. నానమ్మయితే దాచదు, కడగదు కూడా అని కాస్త నవ్వింది. నవ్వు కుడి పక్కకే వెళ్ళింది.

నేను కుళాయి కట్టేశాను. కట్టేశాక తెలిసింది, గదిలో ఏ చప్పుడూ లేదని. దాని కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉన్నానని.

పిచిక చేతిలో మిగిలిన పల్లీలు నా మంచం మీద వరసగా పేర్చింది. పేరుస్తూ అడిగింది.

"మీ ముగ్గురికీ చాలు అయ్యాక, నేను నాలా నమలొచ్చా?"

నువ్వు ఎలా నములుతావో చూపించు అన్నాను. నోరు తెరిచింది. మూయబోయి ఆగింది. కింది దవడ అటూ ఇటూ వెతుక్కున్నట్టు కదిలింది, చీకట్లో చెప్పుల కోసం కాలు వెతికినట్టు. చివరికి కుడికి జారి కూర్చుంది.

"గుర్తు రావట్లేదు," అంది.

ఏప్రిల్ 13

క్లినిక్‌లో ఇంకో తాళంచెవి ఉంది. మొదటి నుంచీ ఉంది. ఆ సంగతి వెనక్కి తిప్పి చూస్తే నేను ఎక్కడా రాయలేదు. మార్చి మొదట్లో అది ఎవరి చేతిలో ఉందో కూడా రాయలేదు.

ఏప్రిల్ 14

సాయంత్రం అక్క దగ్గరికి వెళ్ళాను. షాపు మూయలేదు, మిషన్లు నడుస్తున్నాయి. ఆ రొదే మంచిదైంది. అక్కా, నేను కూడా వెనక్కి తిప్పాను అని చెప్పాను. అక్క బట్టలు మడత పెడుతోంది. పిచిక గౌను ఒకటి గుండెకి ఆనించుకుని అలాగే కూర్చుంది. తర్వాత, నేను మంగళవారాలు తిప్పేదాన్నే అంది. సోమవారమే అత్తమ్మ తిప్పేసేదని అప్పట్లో తనకి తెలియదట. తను తిప్పబోతే స్క్రూ బిగుసుకుని తిరగకపోయేది. ఆయనే పట్టుకున్నాడనుకునేదట.

బావకి దవడ పట్టేసే సంగతి అప్పుడు చెప్పాను. మెతుకు మెతుకు తినడం, ఆకలి లేదనడం, నాతో ఏం అన్నాడో, నేను ఏం అన్నానో. అక్క ఏడవలేదు. నాకెందుకు చెప్పలేదే అని మాత్రం అడిగింది. ఎవరిని అడిగిందో, నన్నో ఆయన్నో.

పంపేద్దాం అంది. మళ్ళీ మనసు మారేలోగా పంపేద్దాం అంది.

అత్తమ్మ అవతలి గదిలోంచి అంతా వింది.  పిచికని పిలిచి, కుడి చెవి ముందు వేలు పెట్టి పట్టుకుంది. నమలమనలేదు. కొంగు ముడి విప్పలేదు. ఆ పైన, అక్కడ పిల్లల్ని కసురుకోకుండా చూస్తారా అని నన్ను అడిగింది.

ఏప్రిల్ 15

ఇక్కడ చిత్తు రాసి, మధ్యాహ్నం తపాలాకి అందేలా శుభ్రంగా ఎత్తి రాయాలి. రాయకుండా పడుకోకూడదు.

మేడమ్ గారికి నమస్కారం.

నేను మీ దగ్గర చదువుకున్న తాపీ మేస్త్రీ కూతుర్ని. బావ పళ్ళ అచ్చుకి మీరు చాలా మంచి మార్కులు వేసి, ఈ దవడ కుడికి జరుగుతోంది, మనిషికి నొప్పి ఉందేమో అడుగు అన్నారు. అప్పుడు నేను అడగలేదు.

ఆయన కూతురికి ఏడేళ్ళు దాటాయి. కుడి పక్క క్రాస్‌బైట్, పై దవడ ఇరుకు, మూసేటప్పుడు కింది దవడ కుడికి జారుతోంది. చెవి ముందు చప్పుడు ఉంది. స్క్రూ ప్లేటు వేశాం. ఏమీ వెడల్పు కాలేదు. కారణం ప్లేటు కాదు, పిల్ల కాదు. పిల్ల చెప్పినట్టల్లా చేసింది, అందరికీ చేసింది. స్క్రూని ఇంట్లో ముగ్గురం వెనక్కి తిప్పాం. ముగ్గురిలో నేనూ ఉన్నాను. డాక్టరుగా రాయడానికి సిగ్గుపడాల్సిన మాట ఇది. అయినా ఇది లేకపోతే కేసు మీకు అర్థం కాదు.

పళ్ళకి అతికించేసే రకం వేయమని కోరుతున్నాను. తాళంచెవి మీ దగ్గరే ఉంచండి. తిప్పాల్సిన రోజుల్లో పిల్లని మీ దగ్గరే ఉంచుకునే వీలుందేమో చూడండి, వాళ్ళమ్మ తోడుంటుంది. తాళంచెవి మా ఇంట్లో ఎవరికీ ఇవ్వకండి. నేను వచ్చి డాక్టరునని చెప్పి అడిగినా ఇవ్వకండి. నమలడం దానికి మళ్ళీ మొదటి నుంచి నేర్పించాలి. తన నమలడం తనకి గుర్తు రావడం లేదు.

దీనితో పాటు రెండు తాళంచెవులూ, ఆ పాత అచ్చూ పంపుతున్నాను. అచ్చు మీ అల్మరాలో ఎక్కడైనా పెట్టండి. నా దగ్గర వద్దు.

ఈ ఆదివారం పిల్లని తీసుకుని అక్క మా నాన్న దగ్గరికి వెళ్తోంది. ఇరవై ఆరో తేదీ ఆదివారం అది మళ్ళీ నా గదికి వస్తుంది. ఆ రోజు నా దగ్గర తాళంచెవి ఉండదు, అచ్చు ఉండదు, పల్లీలు ఉండవు. కానీ అది మాత్రం వస్తుంది. స్టూలు మీద కూర్చుని, నీకెలా కావాలి పిన్నీ అని అడుగుతుంది. అది అడిగేసరికి మీ ఉత్తరం నా చేతిలో ఉండాలి.

దయచేసి ఇరవై ఐదో తేదీలోగా జవాబు రాయండి.